నలభై సిస్టమ్‌లకు ఒకే ఇమేజ్: పరీక్ష రోజున పొరపాటు ఎక్కడ జరిగింది?

ఒక జిల్లా కేంద్రంలోని ప్రైవేటు ఇంజనీరింగ్ కళాశాలలో ల్యాబ్ అసిస్టెంటుగా పనిచేస్తున్న పాఠకుడొకరు, పేరూ ఊరూ వెల్లడించవద్దని కోరుతూ సుదీర్ఘమైన ఉత్తరం రాశారు. దాని సారాంశం ఇది.

ఆయన చూసుకునే ల్యాబులు రెండు. ఒకదానిలో 2020లో కొన్న 40 సిస్టమ్‌లు ఎస్‌ఎస్‌డీలతో, విండోస్ 11తో ఉన్నాయి. రెండోదానిలోని 32 పాతవి; నాలుగో తరం ప్రాసెసర్లు, హార్డ్ డిస్కులు, విండోస్ 10. ప్రతి సెమిస్టరుకూ ముందు అన్నింటినీ ఫార్మాట్ కొట్టి, ఓఎస్ మొదలుకొని జేడీకే, పైథాన్, కోడ్‌బ్లాక్స్, వీఎస్ కోడ్, ఒరాకిల్ డేటాబేసు ఎక్స్‌ప్రెస్ ఎడిషన్ (ఎక్స్‌ఈ) 11జీ, డాస్‌బాక్సులో టర్బో సీ దాకా ఒక్కొక్కటిగా ఎక్కించడం అక్కడి ఆనవాయితీ. ఒక్కో సిస్టమ్‌కు మూడున్నర గంటలు పడుతుంది. నాలుగేసి చొప్పున ఒకేసారి పెట్టుకున్నా మూడు వారాలపాటు రాత్రి తొమ్మిదిన్నర దాకా కళాశాలలోనే ఉండవలసి వస్తోంది. ఆయన భార్యకు ఇప్పుడు ఎనిమిదో నెల.

ఈ బాధ తప్పించుకోవాలని ఆయన డిస్కులకు నకళ్లు తీసే క్లోనెజిల్లా అనే సాఫ్ట్‌వేర్‌ను సొంతంగా నేర్చుకున్నారు. ఒక సిస్టమ్‌ను మాస్టరుగా సిద్ధం చేసి, దాని ఇమేజ్ (డిస్కులో ఉన్నదంతటికీ నకలు) తీసి, కొత్త ల్యాబులోని మిగతా 39 సిస్టమ్‌లలోకి రెండు రోజుల్లో దించేశారు. అన్నిటిలోనూ ఒరాకిల్ తెరిచి చూస్తే చక్కగా పనిచేసింది. అన్నిటికీ ఒకే పేరు ఉండటంతో నెట్‌వర్కులో గొడవ వస్తోందని, డీబీఎంఎస్ ప్రాక్టికల్ పరీక్షకు ముందురోజు సాయంత్రం మాస్టరును అలాగే ఉంచి, మిగతా 39లో ఒక్కోదానికి సీటు నంబరు ప్రకారం పేరు మార్చారు. మర్నాడు ఎక్స్‌టర్నల్ ఎగ్జామినర్ ఎదుట 19 మంది విద్యార్థులకు డేటాబేసు సరిగా అందలేదు. కొందరికి 'లిజనర్ లేదు' అని వచ్చింది; ఇంకొందరికి కనెక్షన్ దొరికింది గానీ, టేబుల్ సృష్టించబోతే ఆ పేరుతో ఇదివరకే ఉందని ఎర్రర్ వచ్చింది. నల్లటి కమాండ్ విండోలో నేరుగా పనిచేసుకున్న 21 మందికి మాత్రం ఏ ఇబ్బందీ రాలేదు. పరీక్ష గంటన్నర ఆలస్యమైంది. హెచ్‌ఓడీ మేడమ్ అందరి ముందూ, ఇకమీదట అడ్డదారులు వద్దు, పాత పద్ధతిలోనే చేయండి అన్నారట. ఇరవై ఏళ్ల అనుభవమున్న సీనియర్ ప్రోగ్రామర్ గారు, చేత్తో ఎక్కించని సిస్టమ్‌ను నమ్మకూడదని తాను మొదటినుంచీ చెబుతూనే ఉన్నానన్నారట. ఇదంతా చాలదన్నట్టు, పరిపాలనాధికారి ఒకరు, ఇమేజ్ ఎలాగూ తీస్తున్నారు కాబట్టి అందులోనే క్రాక్ చేసిన ఆఫీస్ ప్యాకేజీ కూడా పెట్టేయమని నోటిమాటగా చెప్పారు.

పాత పద్ధతికి వెళ్లిపోవాలా, మళ్లీ ప్రయత్నించాలా, అసలు ఈ ఉద్యోగమే మానేయాలా అన్నది ఆయన ప్రశ్న. సిస్టమ్‌లన్నిటికీ ఒకే ఎస్‌ఐడీ (విండోస్ ఒక్కో సిస్టమ్‌కు ఇచ్చుకునే గుర్తింపు సంఖ్య) ఉంటే ప్రమాదమని కొందరు, అది వట్టి అపోహ అని కొందరు ఇంటర్నెట్టులో రాస్తున్నారని, ఏది నిజమో తేల్చమని కూడా అడిగారు.

మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. అందులో మూడు వేర్వేరు చిక్కులు ఒకే దారపుండలా చుట్టుకుపోయి ఉన్నాయి: పరీక్షనాడు ఏం జరిగిందన్నది ఒకటి, సిస్టమ్‌లను ఇకమీదట ఎలా సిద్ధం చేయాలన్నది రెండోది, మీ పైవాళ్లతో ఏం మాట్లాడాలన్నది మూడోది. మొదటిది తేలకుండా మిగతా రెండూ తేలవు కాబట్టి అక్కడినుంచే మొదలుపెడతాను.

మీరు రాసిన లక్షణాలను బట్టి చూస్తే ఆ రోజు చెడింది ఇమేజ్ కాదు. ఒరాకిల్ ఎక్కించేటప్పుడు అది ఆ సిస్టమ్ పేరును తన దగ్గరున్న రెండు ఫైళ్లలో రాసుకుంటుంది. లిజనర్ డాట్ ఓరా అన్నది, బయటినుంచి వచ్చే కనెక్షన్లను అందుకునే లిజనర్ అనే సర్వీసు ఏ పేరు మీద ఎదురుచూడాలో చెబుతుంది. టీఎన్‌ఎస్‌నేమ్స్ డాట్ ఓరా అన్నది, ఎక్స్‌ఈ అని అడిగినవాళ్లను ఏ సిస్టమ్‌కు పంపాలో చెబుతుంది. మీ ఇమేజ్‌లో ఆ రెండు చోట్లా మాస్టర్ సిస్టమ్ పేరే ఉంది. ఇమేజ్ దించిన వెంటనే అన్ని సిస్టమ్‌లకూ అదే పేరు గనక అన్నీ పనిచేశాయి. మీరు పరీక్షించి చూసింది అప్పుడు. పేరు మార్చిన తర్వాత మీరు మళ్లీ చూడలేదు. పేరు మారిన సిస్టమ్‌లో లిజనర్ తనది కాని పేరు మీద నిలబడలేక లేవకుండా ఉండిపోయింది. ఎస్‌క్యూఎల్ డెవలపర్ అనే ప్రోగ్రాము ద్వారా సొంత సిస్టమ్‌కే కనెక్ట్ కావాలనుకున్నవారికి అందుకే 'లిజనర్ లేదు' అని వచ్చింది. యూజర్ పేరు చివర ఎక్స్‌ఈ అని చేర్చి కనెక్టయినవారు తమకు తెలియకుండానే నెట్‌వర్కు మీదుగా మాస్టర్ సిస్టమ్‌లోని డేటాబేసుకు వెళ్లారు. ల్యాబులో ఫైర్‌వాల్ ఆపేసి ఉంచుతామని మీరే రాశారు కాబట్టి వాళ్లను అడ్డుకున్నది ఏదీ లేదు. అందరూ ఒకే యూజర్‌తో ఒకే డేటాబేసులో ఎంప్ టేబుల్ సృష్టించబోతే, మొదటివాడికి తప్ప మిగతావాళ్లకు 'ఇదివరకే ఉంది' అని రావడంలో వింతేమీ లేదు. కమాండ్ విండోలో నేరుగా వెళ్లినవారికి లిజనర్ అవసరమే ఉండదు. మీ 21 మందిని కాపాడింది అదే.

కాబట్టి, 'ఇమేజ్ వేస్తే సిస్టమ్‌లు పాడవుతాయి' అనడం సరికాదు. చేత్తో ఒరాకిల్ ఎక్కించిన సిస్టమ్‌కు తర్వాత పేరు మార్చినా ఇదే జరుగుతుంది. అయితే, 'నా తప్పేమీ లేదు' అని మీరు అనుకోవడానికీ వీల్లేదు. పరీక్షకు ముందురోజు సాయంత్రం 39 సిస్టమ్‌లలో ఒక మార్పు చేసి, విద్యార్థి కూర్చునే కుర్చీలో కూర్చుని, విద్యార్థి వాడే దారిలో మళ్లీ ఒకసారి చూడకపోవడం మీ పొరపాటే. మేడమ్ గారి దగ్గర ఈ ఒక్కదాన్నీ సూటిగా ఒప్పుకుంటే, మీవి కాని తప్పులు మీ మీద పడకుండా ఉంటాయి.

ఇమేజ్ అన్నది మంచీ చెడూ తెలియని నకలు. మాస్టరులో మీకు తెలిసి పెట్టినదీ, తెలియకుండా చేరినదీ అన్నిటినీ ఒకే నమ్మకంతో మోసుకుపోతుంది. చాలా ఏళ్ల కిందట నేనూ ఒక శిక్షణ కేంద్రంలో ఇదే పనిలో ఉండేవాణ్ణి. అప్పట్లో మా చేతిలో ఉన్న పనిముట్టు ఘోస్ట్; న్యూజిలాండులో పుట్టి 1998లో సిమాంటెక్ చేతికి వచ్చిన ప్రోగ్రాము అది. ఒక ఆదివారం 24 సిస్టమ్‌లు క్లోన్ చేసి గర్వంగా ఇంటికి వెళ్లాను. మాస్టరులోకి ఎవరిదో పెన్‌డ్రైవ్ నుంచి దిగిన వైరస్ ఇమేజ్‌తోపాటు అన్నిటిలోకీ వెళ్లిందని బుధవారం తెలిసింది. చేత్తో ఎక్కించి ఉంటే అది ఒక్కదానితో ఆగిపోయేది. మీ సీనియర్ గారి భయానికి ఇలాంటి అనుభవమే ఏదో వెనకాల ఉండి ఉంటుందని నా అనుమానం.

ఒక ఇంట్లోవాళ్లందరికీ ఇంటిపేరు ఒకటే ఉంటుంది, పేర్లు మాత్రం ఎవరివి వారివే. సిస్టమ్‌లోనూ అంతే. ఓఎస్, కంపైలర్లు, ఫాంట్లు, సెట్టింగులు ఇంటిపేరు లాంటివి. అవి ఇమేజ్‌లో ఉండవచ్చు. కంప్యూటర్ పేరు, ఎస్‌ఐడీ, లైసెన్సు యాక్టివేషన్, పేరును పట్టుకుని వేలాడే ఒరాకిల్ లాంటి సర్వీసులు సొంత పేర్లు. అవి ఇమేజ్ దించిన తర్వాత ఒక్కోదానిలో పుట్టాలి. మీ పద్ధతిలో మార్చవలసింది ప్రధానంగా ఈ విభజననే.

ఎస్‌ఐడీ సంగతి కూడా ఇక్కడే చెబుతాను. మీరు చదివిన రెండు మాటల్లోనూ కొంత నిజం ఉంది, అయితే వాటి కాలాలు వేరు. 2009లో మైక్రోసాఫ్ట్ నిపుణుడు మార్క్ రస్సినోవిచ్, ఒకే మెషీన్ ఎస్‌ఐడీ ఉన్న సిస్టమ్‌లవల్ల అందరూ అనుకునేంత ప్రమాదం లేదని వివరంగా రాసి, ఎస్‌ఐడీ మార్చడానికి తాను అందించిన న్యూఎస్‌ఐడీ అనే పనిముట్టును విరమించారు. అలా రాసినప్పుడు కూడా, ఇమేజ్ తీసే ముందు సిస్‌ప్రెప్ (ఎస్‌ఐడీ లాంటి సొంత గుర్తింపులను తుడిచి విండోస్‌ను నకలుకు సిద్ధం చేసే పనిముట్టు) నడపాలన్న మైక్రోసాఫ్ట్ నియమాన్ని ఆయన తోసిపుచ్చలేదు. చాలామంది మొదటి సగం చదివి రెండోది వదిలేశారు. ఇప్పుడు పరిస్థితి మారింది. 2025 ఆగస్టు 29న, ఆ తర్వాత వచ్చిన అప్‌డేట్లతో విండోస్ 11 24హెచ్2, 25హెచ్2 వెర్షన్లు ఎస్‌ఐడీలను కచ్చితంగా తనిఖీ చేస్తున్నాయి. ఒకే ఎస్‌ఐడీ ఉన్న రెండు సిస్టమ్‌ల మధ్య షేర్డ్ ఫోల్డర్, రిమోట్ డెస్క్‌టాప్ లాంటివాటికి లాగిన్ కుదరకపోవచ్చు. పాస్‌వర్డ్ సరైనదే అయినా తప్పని చూపిస్తుంది కాబట్టి కారణం అంత తేలిగ్గా తట్టదు. మీ 40 సిస్టమ్‌లలో సిస్‌ప్రెప్ జరగలేదు గనక ఈ సమస్య మీ ల్యాబులో ఇప్పటికే తలెత్తి ఉండవచ్చు.

ఇక మీ ముందున్న దారులు. పాత పద్ధతికే తిరిగి వెళ్లడం ఒకటి. దానివల్ల మేడమ్ గారి మాట నిలబడుతుంది, ఆ రోజుకు గొడవ ఉండదు. అయితే 72 సిస్టమ్‌లను అలసిన చేతులతో, రాత్రి తొమ్మిది గంటలకు, ఒకదాని తర్వాత ఒకటి చేసేవాడు ఏదో ఒకదానిలో ఏదో ఒకటి మరచిపోకుండా ఉండలేడు. చేత్తో చేసిన పనికి ఉన్న అసలు లోపం ఆలస్యం ఒక్కటే కాదు. ఏ రెండు సిస్టమ్‌లూ ఒకేలా ఉండవు. ముప్పై ఏడో సిస్టమ్‌లో జేడీకే దారి సరిచేయలేదన్న సంగతి పరీక్షనాడే బయటపడుతుంది. ఈ దారినే ఎంచుకుంటే కనీసం ఒక కాగితం మీద అంచెలన్నీ రాసుకుని, ఒక్కో సిస్టమ్‌కు ఒక్కో కాగితం చొప్పున టిక్కు పెట్టుకుంటూ వెళ్లండి.

రెండో దారి, ఇమేజ్ అనే మాటే లేకుండా ఇన్‌స్టలేషన్‌ను దానంతట అదే జరిగేలా చేయడం. విండోస్ సెటప్ అడిగే ప్రశ్నలన్నిటికీ జవాబులు రాసిపెట్టిన ఆటోఅన్‌అటెండ్ అనే ఎక్స్‌ఎమ్‌ఎల్ ఫైలును ఇన్‌స్టలేషన్ పెన్‌డ్రైవ్ మొదటి ఫోల్డరులో పెడితే, సెటప్ దాన్ని వెతుక్కుని చదువుకుంటుంది. ఓఎస్ దిగాక మిగతా సాఫ్ట్‌వేర్‌ను ఒక స్క్రిప్టు ఏ ప్రశ్నా అడగకుండా ఎక్కించగలదు. ఎమ్‌ఎస్‌ఐ ప్యాకేజీలకూ, మామూలు సెటప్ ఫైళ్లకూ దాదాపు అన్నిటికీ ఇలాంటి నిశ్శబ్దపు ఆప్షను ఉంటుంది. విండోస్‌లోనే ఉండే వింగెట్ అనే ఆదేశంతోనూ ఇది చేయవచ్చు గానీ, 40 సిస్టమ్‌లూ ఒక్కోటి విడిగా ఇంటర్నెట్ నుంచి దించుకుంటే మీ లైను తట్టుకోదు. సెటప్ ఫైళ్లన్నీ ల్యాబులోనే ఒక షేర్డ్ ఫోల్డరులో పెట్టుకోండి.

ఈ దారికి మీరు ఊహించని మేలు ఒకటుంది, అది లైసెన్సు. మీ సిస్టమ్‌లతో వచ్చిన విండోస్ ఆ సిస్టమ్‌కే కట్టుబడిన, తయారీదారు ఇచ్చే ఓఈఎమ్ లైసెన్సు. దాని కీ మదర్‌బోర్డు ఫర్మ్‌వేర్‌లోనే ఉంటుంది కాబట్టి, అదే ఎడిషన్‌ను తాజాగా ఎక్కిస్తే తనంతట తాను యాక్టివేట్ అవుతుంది. ఒక ఇమేజ్‌ను అనేక సిస్టమ్‌లలోకి దించే హక్కు మాత్రం ఓఈఎమ్ లైసెన్సులో లేదు. ఆ హక్కు, సంస్థలు టోకున తీసుకునే వాల్యూమ్ లైసెన్సుతో వస్తుంది: సంస్థకు అది ఉంటే, ఆ మీడియాతో తయారుచేసిన ఇమేజ్‌ను, అదే ఎడిషన్‌కు, అదే వెర్షన్‌కు లైసెన్సున్న సిస్టమ్‌లలోకి దించవచ్చు. ప్రతి సిస్టమ్‌కూ మళ్లీ కొనక్కరలేదు. మీ కళాశాలకు వాల్యూమ్ లైసెన్సు ఉందో లేదో కార్యాలయంలో అడిగి తెలుసుకోండి. లేదంటే, కొత్త ల్యాబుకు ఈ రెండో దారే నిక్కమైనది.

మూడో దారి, మీరు చేసినట్టు అన్నీ కలిపి బరువైన ఇమేజ్ తీయడం, ఈసారి సిస్‌ప్రెప్‌తో. దించడం అన్నిటికంటే వేగంగా అయ్యేది ఇదే. మీ ఇమేజ్ 40 జీబీ ఉందన్నారు. గిగాబిట్ స్విచ్ మీద సెకనుకు సుమారు 110 ఎంబీ లెక్కన అది ఆరు నిమిషాల పని; అదే స్విచ్ 100 మెగాబిట్లదైతే గంట పడుతుంది. కాబట్టి ముందు మీ స్విచ్‌ల వెనక ఏం రాసి ఉందో చూడండి. సర్వర్ నుంచి ఒక్కో సిస్టమ్‌కు విడిగా పంపితే, గిగాబిట్ మీద కూడా నలభైకి కలిపి నాలుగు గంటలు దాటుతుంది. క్లోనెజిల్లా సర్వర్ ఎడిషన్‌లోనూ, ఫాగ్ అనే అలాంటి సాఫ్ట్‌వేర్‌లోనూ ఉన్న మల్టీకాస్ట్ వాడితే అన్నిటికీ ఒకేసారి పంపవచ్చు. కాకపోతే మల్టీకాస్ట్ వేగం ఆ గుంపులో అందరికంటే నెమ్మదైన సిస్టమ్ వేగమే. పాడవుతున్న డిస్కు ఒక్కటి ఉన్నా మిగతా 39 దానికోసం కూర్చుంటాయి. పైగా చవకరకం స్విచ్‌లు మల్టీకాస్ట్‌ను అన్ని పోర్టులకూ వెదజల్లుతాయి కనుక, పగటిపూట చేస్తే ఆఫీసు గదిలో ఫీజులు కట్టించుకునేవాళ్లు మీ మీద విరుచుకుపడతారు. ఈ దారిలోని పెద్ద ఇబ్బంది మాత్రం వేరే ఉంది: ఒక్క సాఫ్ట్‌వేర్ మారినా ఇమేజ్ మొత్తం మళ్లీ తీయాలి. మీ సిలబసు ప్రతి సెమిస్టరూ ఎంతోకొంత మారుతూనే ఉంటుంది.

నాలుగోది రెండో, మూడో దారులను కలిపినది. ఓఎస్, డ్రైవర్లు, అప్‌డేట్లు, ఎన్నడూ మారని ఒకటి రెండు ప్రోగ్రాములు మాత్రమే ఉన్న తేలిక ఇమేజ్ ఒకటి తీసి, సిస్‌ప్రెప్ చేసి దించడం. మిగతావి మొదటి లాగిన్‌లో స్క్రిప్టు ఎక్కించడం. లైసెన్సు అడ్డు లేకపోతే నా మొగ్గు దీని వైపే. అడ్డు ఉంటే రెండో దారి. నిజానికి ఈ రెంటికీ స్క్రిప్టు ఒకటే కాబట్టి, ఏది ఎంచుకోవలసి వచ్చినా స్క్రిప్టు కోసం పడ్డ శ్రమ వృథా పోదు.

ఆ పని మొదలుపెట్టబోయే ముందు, మీకు తప్పకుండా ఎదురయ్యే గోతులు కొన్ని చెప్పాలి. మాస్టర్ సిస్టమ్‌లో మామూలు యూజర్ ఖాతా తెరవకండి. విండోస్ మొదటి తెర దగ్గరే కంట్రోల్, షిఫ్ట్, ఎఫ్3 కలిపి నొక్కితే ఆడిట్ మోడ్‌లోకి వెళుతుంది. అక్కడే, ఇంటర్నెట్ తీసేసి, పని పూర్తిచేయండి. ఎందుకంటే ఇంటర్నెట్ ఉంటే స్టోర్ యాప్‌లు ఆ ఒక్క యూజరుకు అప్‌డేట్ అయిపోయి, చివర్లో సిస్‌ప్రెప్ నిరాకరిస్తుంది. ఎందుకు నిరాకరించిందో సిస్‌ప్రెప్ ఫోల్డరులోని పాంథర్ అనే ఉప ఫోల్డరులో, సెటప్‌యాక్ట్ లాగ్‌లో రాసి ఉంటుంది. డిస్కును ఎన్‌క్రిప్ట్ చేసే బిట్‌లాకర్ ఆన్‌లో ఉన్నా సిస్‌ప్రెప్ ఒప్పుకోదు. వీఎస్ కోడ్ విషయంలో, యూజర్ ఇన్‌స్టాలర్ కాక సిస్టమ్ ఇన్‌స్టాలర్ దించుకోండి. మొదటిది ఎక్కించిన యూజర్ ఫోల్డరులోనే దాక్కుంటుంది, విద్యార్థి ఖాతాలో కనిపించదు. సెటప్‌కంప్లీట్ అనే స్క్రిప్టు ఫైలును వాడమని చాలాచోట్ల రాస్తారు గానీ, ఓఈఎమ్ కీ ఉన్న సిస్టమ్‌లలో దాన్ని విండోస్ పట్టించుకోదు. మీ ఆదేశాలను జవాబు ఫైలులోని (పైన చెప్పిన ఎక్స్‌ఎమ్‌ఎల్ ఫైలు) ఫస్ట్‌లాగన్‌కమాండ్స్ భాగంలో పెట్టండి.

అన్నిటికంటే ముఖ్యమైనది వరుసక్రమం. సిస్టమ్ సీరియల్ నంబరు చూసి, మీరు తయారుచేసిన పట్టికలోంచి సీటు పేరు పెట్టడం మొదట, రీస్టార్ట్ తర్వాత, ఒరాకిల్ ఎక్కించడం అన్నిటికంటే చివర, దాని జవాబులు ముందే రాసిపెట్టిన రెస్పాన్స్ ఫైలుతో. అప్పుడు లిజనర్ సరైన పేరుతోనే పుడుతుంది. జవాబు ఫైలులో రాసిన అడ్మినిస్ట్రేటర్ పాస్‌వర్డ్ దాచినట్టు కనిపిస్తుంది గానీ, అది ఎన్‌క్రిప్షన్ కాదు, తెలిసిన కుర్రవాడు నిమిషంలో చదివేస్తాడు. విండోస్ ఫోల్డరులోని పాంథర్‌లో ఆ ఫైలు నకలు మిగిలి ఉంటుంది కాబట్టి, స్క్రిప్టు చివరి పంక్తి దాన్ని చెరిపేసేదై ఉండాలి. కార్యాలయపు సిస్టమ్‌లకూ ఇదే పద్ధతి వాడదలిస్తే, పాత తెలుగు దస్తావేజుల్లో ఉండే గౌతమి, వాణి ఫాంట్లు ఇప్పటి విండోస్‌లో వాటంతట అవి రావని, తెలుగు అదనపు ఫాంట్ల ఫీచరును విడిగా చేర్చాలని గుర్తుంచుకోండి.

పాత ల్యాబు గురించి పెద్దగా తర్జనభర్జన అక్కరలేదు. విండోస్ 10కు మామూలు మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. నాలుగో తరం ప్రాసెసర్లు విండోస్ 11 జాబితాలో లేవు. సీ, పైథాన్, జావా ల్యాబులు లినక్స్ మీద హాయిగా నడుస్తాయి. లైసెన్సు బాధ లేదు కాబట్టి అక్కడ మీ క్లోనెజిల్లా నిశ్చింతగా వాడుకోవచ్చు. ఒక్క సంగతి: లినక్స్‌లోనూ సొంత పేర్ల సమస్య ఉంది. ఈటీసీ ఫోల్డరులోని మెషీన్-ఐడీ ఫైలును ఖాళీ చేసి, ఎస్‌ఎస్‌హెచ్ (దూరం నుంచి లాగిన్ కావడానికి వాడేది) హోస్ట్ కీలను తీసేసి, అవి మొదటి బూట్‌లో కొత్తగా పుట్టే ఏర్పాటు చేశాకే ఇమేజ్ తీయండి. లేకపోతే ఐపీ చిరునామాలు పంచే డీహెచ్‌సీపీ రెండు మూడు సిస్టమ్‌లకు ఒకే ఐపీ ఇచ్చే పరిస్థితి రావచ్చు. హార్డ్ డిస్కుల స్థానంలో చిన్న ఎస్‌ఎస్‌డీలు అడిగి చూడండి. ఆ ల్యాబుకు అంతకంటే పెద్ద ఉపకారం లేదు.

అసలు ప్రతి సెమిస్టరూ ఫార్మాట్ చేయవలసిన అవసరమేమిటన్నది మీరు అడగని ప్రశ్న. పిల్లలు పాడుచేస్తారు కాబట్టి అంటారు. విద్యార్థి ఖాతాకు అడ్మిన్ హక్కులు తీసేస్తే ఆ పాడులో చాలా భాగం తగ్గుతుంది. రీస్టార్ట్ చేయగానే పాత స్థితికి వచ్చేసే డీప్‌ఫ్రీజ్ లాంటి సాఫ్ట్‌వేర్ కొంటే ఇంకా తగ్గుతుంది, కానీ విద్యార్థి సేవ్ చేసుకున్న ప్రోగ్రామూ పోతుంది. దానికి సర్వర్‌లో చోటు చూపాలి.

క్రాక్ ఆఫీస్ గురించి మాత్రం నేను ఇన్ని దారులు చూపలేను. క్రాక్ పనిచేయాలంటే యాంటీవైరస్ ఆపమంటుంది. అలా ఆపిన మాస్టరు నుంచి ఏం 40 సిస్టమ్‌లలోకి దిగుతుందో ఎవరూ చెప్పలేరు. చట్టం సంగతికి వస్తే, 1957 నాటి కాపీరైట్ చట్టంలోని 63బి సెక్షన్ ప్రకారం, తెలిసీ దొంగ కాపీ సాఫ్ట్‌వేర్ వాడితే ఏడు రోజులకు తగ్గకుండా మూడేళ్ల దాకా జైలు, 50 వేల నుంచి 2 లక్షల రూపాయల దాకా జరిమానా ఉన్నాయి. ఎక్కించిన చెయ్యి మీది, చెప్పిన నోటికి సాక్ష్యం లేదు. ముఖం మీద కాదనడం కష్టమైతే, 'సార్, లైసెన్సు వివరాలతో ఒక నోటు ఇప్పించండి, వెంటనే ఎక్కిస్తాను. అప్పటిదాకా లిబ్రే ఆఫీస్ పెడుతున్నాను' అనండి. నాకు తెలిసినంతలో ఆ నోటు ఎన్నడూ రాదు.

మేడమ్ గారి దగ్గరికి వెళ్లేటప్పుడు ఇమేజ్ మంచిదని వాదించడానికి వెళ్లకండి. ఒక పేజీ రాసుకుని వెళ్లండి: ఆ రోజు ఏం జరిగింది, అందులో మీ పొరపాటు ఏమిటి, అది మళ్లీ జరగకుండా ఏం చేస్తారు. అందులోనే, ఐదు సిస్టమ్‌లలో మాత్రం కొత్త పద్ధతి ప్రయత్నించడానికి, మిగతా 35 పాత పద్ధతిలోనే ఉంచడానికి అనుమతి అడగండి. ఆవిడ ఒప్పుకోకపోతే, ఈ సెమిస్టరుకు చెప్పినట్టే చేయండి, కానీ ఒక్కో సిస్టమ్‌కు ఎంత సమయం పట్టిందో తేదీలతో రాసిపెట్టండి. వచ్చే సెమిస్టరుకు ఆ లెక్కే మీ తరఫున మాట్లాడుతుంది. సీనియర్ గారిని దాటుకుని వెళ్లవద్దు. ఏ సిస్టమ్‌లో ర్యామ్ బలహీనమో, ఏ యూనివర్సిటీ ఎక్స్‌టర్నల్ ఏం అడుగుతారో ఆయనకు తెలిసినంత మీకు తెలియదు. ఆ ఐదు సిస్టమ్‌లనూ పరీక్షించి, సరేననో కాదనో చెప్పే పని ఆయనకే అప్పగించండి. ఆయన తప్పులు వెతికితే మీకే లాభం.

ఉద్యోగం మానేయడం గురించి: రెండు నెలల్లో బిడ్డ పుట్టబోతున్న ఇంట్లో, ఒక్క చెడ్డ రోజు మీద అంత నిర్ణయం తీసుకోవడం నాకు సబబుగా తోచలేదు. అయితే రాత్రి తొమ్మిదిన్నర దాకా ఉండటం ఒక సెమిస్టరులో మూడు వారాలే కదా అని సర్దుకుపోమని కూడా చెప్పను. ప్రసవం తేదీ ముందే తెలుసు గనక సెలవు ఇప్పుడే రాతపూర్వకంగా పెట్టండి. ఆ రోజుల్లో ల్యాబు ఎవరు చూస్తారన్న ప్రశ్న పైవాళ్లకు ఇప్పుడే ఎదురైతే, తక్కువ సమయం పట్టే పద్ధతి వైపు వాళ్లే కొంత మొగ్గవచ్చు. ఈ స్క్రిప్టులు రాయడం వచ్చాక మీకు బయట అవకాశాలూ పెరుగుతాయి. ఏడాది తర్వాత మానేసినా చేతిలో పనితనంతో మానేస్తారు.

వీటన్నిటికంటే ముందు ఈ వారమే చేయవలసినది ఒకటుంది. మీరు సరిచేసి ఉంటే తప్ప, ఆ 39 సిస్టమ్‌లలో లిజనర్ ఫైలులోనూ, టీఎన్‌ఎస్‌నేమ్స్ ఫైలులోనూ మాస్టర్ పేరు ఇప్పటికీ అలాగే ఉండి ఉంటుంది. హోస్ట్ అన్న చోట లోకల్‌హోస్ట్ అని రాసి, ఒరాకిల్ లిజనర్ సర్వీసును ఆపి మళ్లీ ప్రారంభించండి. సిస్టమ్‌కు ఐదు నిమిషాలు పట్టదు. ఆ తర్వాత మాస్టర్ సిస్టమ్‌ను ఆపేసి, విద్యార్థి ఖాతాతో లాగిన్ అయి, మూడు దారుల్లోనూ, అంటే కమాండ్ విండోలో ఒకసారి, ఎక్స్‌ఈ చేర్చి ఒకసారి, ఎస్‌క్యూఎల్ డెవలపర్‌లో ఒకసారి, ఒక్కో టేబుల్ సృష్టించి చూడండి. మాస్టర్ ఆన్‌లో ఉండగా చేసిన పరీక్షను లెక్కలోకి తీసుకోకండి.